తరగతి సహాయకులకు శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, ఆ తర్వాత దారి ఏది?

లంకవనిత | ముమ్మిడివరం వైపు

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ తరగతికి సహాయకురాలిని. వయసు 33, చదువు ఇంటర్ బైపీసీ. పాఠం చెప్పేది క్లాసు టీచరు, మిగిలినవన్నీ నావి. పిల్లల్ని బస్సు దించడం, అక్షరాలు దిద్దించడం, అన్నం తినిపించడం, బాత్రూముకు తీసుకెళ్లడం, ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడం, సాయంత్రం డైరీలు రాయడం. టీచరు సెలవు పెట్టిన రోజు పాఠమూ నాదే.

పట్టణంలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఆరు నెలల 'మాంటిస్సోరి డిప్లొమా' చేయమంటున్నారు. ఫీజు 28 వేలు, మూడు వాయిదాలు. అది చేతిలో ఉంటే ప్రభుత్వ ప్రీ ప్రైమరీ తరగతుల్లో టీచరు ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. మా ఆయనది కొబ్బరి దింపు పని, ఇద్దరు పిల్లలు. ఆ డబ్బు మాకు చిన్నది కాదు. కట్టవచ్చా? నాలాంటి వాళ్లకు ఇంకో దారి ఏదైనా ఉందా?

రావులపాలెం రోడ్డు

కట్టకండి.

లంకవనిత

కారణం కూడా చెబితే ఇంట్లో చెప్పుకోగలను అండి.

విశ్రాంత హెచ్‌ఎం | కొత్తపేట

అమ్మా, కారణం నేను చెబుతాను. టీచరు ఉద్యోగానికి ఏ చదువు పనికొస్తుందో నిర్ణయించేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. చిన్నపిల్లల తరగతులకు ఆ మండలి గుర్తించిన కోర్సు డీపీఎస్‌ఈ, రెండేళ్లు. ఒకటి నుంచి ఐదు తరగతులకు డి.ఎల్‌.ఎడ్, అదీ రెండేళ్లే. ఆరు నెలల్లో ప్రభుత్వ టీచరును చేసే కోర్సు ఎక్కడా లేదు. ఆ సంస్థను ఒక్క మాట అడగండి: 'మీకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు ఉందా, ఉంటే నకలు ఇవ్వండి.' మాట మార్చారంటే జవాబు దొరికినట్టే.

మాంటిస్సోరి పద్ధతి మీద నాకు చిన్నచూపు లేదు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపిన మనిషి. అయితే ఆ పేరుతో ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. గదిలో చెక్క సామాగ్రి లేకుండా, పిల్లల మధ్య కూర్చోబెట్టకుండా, నోట్సు చదివించి ఇచ్చే కాగితాన్ని నేను శిక్షణ అనను.

మీ వయసు 33 అన్నారు. 2025 మెగా డీఎస్సీలో గరిష్ఠ వయసు 44, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు మరో ఐదేళ్ల సడలింపు. అంటే సమయం ఉంది. డి.ఎల్‌.ఎడ్ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాయండి. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45. బైపీసీ కాబట్టి జీవశాస్త్రం విభాగం ఎంచుకోవచ్చు. డి.ఎల్‌.ఎడ్ చెప్పే ప్రభుత్వ కాలేజీలు, అంటే డైట్‌లు మనకు బొమ్మూరులో, దూబచర్లలో ఉన్నాయి. ఆ తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. మన రాష్ట్రంలో టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి టెట్‌ను ఏదో గట్టెక్కే పరీక్షగా చూడవద్దు.

ఇంకో సంగతి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ వారు అర్హులు కారని తేల్చింది. ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు ఇప్పుడు పోటీ డి.ఎల్‌.ఎడ్ చేసినవాళ్ల మధ్యే. మీలాంటివారికి ఇది మంచి మార్పు.

బడి నడిపేవాడు | పశ్చిమ డెల్టా

హెచ్‌ఎం గారి మాటలన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇద్దరు పిల్లల తల్లి జీతం మానేసి రెండేళ్లు కాలేజీకి ఎలా వెళ్తుందో కూడా చెబితే బాగుంటుంది. ముమ్మిడివరం నుంచి బొమ్మూరు రోజూ వెళ్లి వచ్చే దూరమా?

నేను ఒక చిన్న బడి కరస్పాండెంటుని. సహాయకురాలిని తీసుకునేటప్పుడు నేను కాగితం చూడను. జూన్ రెండో వారంలో తరగతిలో కూర్చోబెడతాను. ఇరవై మంది ఒకేసారి ఏడుస్తుంటే ఏం చేస్తుందో చూస్తాను. గొంతు పెంచితే వద్దంటాను. ఆ గుణం ఏ సంస్థా ఇవ్వలేదు.

జీతం తక్కువంటారు, నిజమే. మా దగ్గర ఫీజులు ధాన్యం డబ్బు చేతికొచ్చినప్పుడు వస్తాయి. కొబ్బరి ధర పడిన ఏడాది అవీ రావు. పైగా పని నేర్పిన మనిషి నేర్చుకున్నాక భీమవరంలో పెద్ద బడికి వెళ్లిపోతుంది. అందుకే చాలామంది ఏడాది పూర్తయ్యేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతారు. నేను దాన్ని సమర్థించడం లేదు, ఎందుకు చేస్తారో చెబుతున్నాను.

అంగన్‌వాడీ అక్క | రాజోలు

ఎందుకు చేస్తారో మాకూ తెలుసు కరస్పాండెంటు గారూ. రొయ్యల షెడ్డులో తల తీసే పనికి వెళ్లే ఆడమనిషి సర్టిఫికెట్టు ఎవరూ ఆపరు. ఆవిడ వెళ్లిపోకుండా ఉండాలంటే కూలి పెంచుతారు. బడిలో మాత్రం కాగితం పట్టుకుని కూర్చుంటారు.

లంకవనితా, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకు తల్లీ. చూపించు, నకళ్లు ఇవ్వు, తిరిగి తెచ్చుకో.

ఇక నాకు తెలిసిన దారి చెబుతాను. అంగన్‌వాడీ పోస్టుకు ఆ ఊళ్లోనే కాపురం ఉంటున్న వివాహిత కావాలి. వయసు 21 నుంచి 35. నీకు 33 అంటే తలుపు మూసుకోవడానికి ఎక్కువ కాలం లేదు. కార్యకర్తకు పదో తరగతి చాలు, నీకు ఇంటరే ఉంది. మీ ఊరి కేంద్రంలో ఖాళీ ఉందేమో అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీవో ఆఫీసులో అడుగు. ఫోనులో అడిగితే చెప్పరు, వెళ్లి నోటీసు బోర్డు చూడాలి.

గౌరవ వేతనం 2019లో కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 చేశారు. దాని మీదే 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నాం. కాబట్టి ఇది సుఖమైన ఉద్యోగమని నేను చెప్పను. కానీ ఇందులో ఒక మెట్టు ఉంది. అంగన్‌వాడీల కేంద్ర పథకం పోషణ్ 2.0 మార్గదర్శకాల్లో, కార్యకర్త పోస్టుల్లో సగం, ఐదేళ్లు చేసిన ఆయాలకు పదోన్నతితో ఇవ్వాలని రాశారు. సూపర్‌వైజరు పోస్టుల్లో సగం ఐదేళ్లు చేసిన కార్యకర్తలకు. 2022లో సుప్రీంకోర్టు గ్రాట్యుటీ మాకూ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ప్రైవేటు బడి సహాయకురాలికి ఇందులో ఏదైనా ఉందా?

విశ్రాంత హెచ్‌ఎం

అంగన్‌వాడీ అక్కగారు మంచి విషయం గుర్తుచేశారు. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా ఉంది: ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు శిశు విద్యలో ఆరు నెలల సర్టిఫికెట్టు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. ఉద్యోగంలో ఉండగానే, దూరవిద్య పద్ధతిలో. ఆ ఆరు నెలల మాట పట్టుకునే బయట సంస్థలు తమ కోర్సు కూడా అదేనన్నట్టు ప్రచారం చేసుకుంటున్నాయని నా అనుమానం.

అంగన్‌వాడీ అక్క

మాకు వచ్చిన శిక్షణ సంగతి కూడా వినండి మాస్టారూ. 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో మూడు రోజులు. రోజూ కనీసం రెండు గంటలు పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పాలి, 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక ప్రకారం వారం వారం ఏం చేయించాలో ఉంది. బాగానే చెప్పారు, నాకు నచ్చింది. గుడ్డముక్కలతో, గవ్వలతో, కొబ్బరి చిప్పలతో సామాగ్రి చేసుకోవచ్చన్నారు. కొబ్బరి చిప్పలకు మన దగ్గర కరువా!

కానీ ఆ శిక్షణకు పిలిచింది కార్యకర్తనే, ఆయాను కాదు. నేను యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ, రిజిస్టర్లు రాస్తూ ఉంటే పిల్లలతో ఉండేది ఎవరు? ఆయమ్మే. కథ చెప్పేది, పాట పాడేది కూడా చాలా పూటలు ఆవిడే. ఆవిడకు మాత్రం వంట, శుభ్రం అని ఒక కాగితం ఇచ్చి వదిలేశారు. మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది సాయంత్రాలు కూర్చోబెట్టి ఆవిడకు చెప్పాను. ఇప్పుడు ఆవిడ చెప్పే కథకు పిల్లలు నా కథకన్నా ఎక్కువ నోరు తెరుచుకుని వింటారు.

అసలు శిక్షణల తేదీలు వేసేవాళ్లు గోదావరి వైపు ఒకసారి చూస్తే బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో లంకల వాళ్లను మండల కేంద్రానికి రమ్మంటారు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వేసేసరికే మా కాజ్‌వే మునుగుతుంది. నాటు పడవ మీద దాటి శిక్షణకు వెళ్తే సంతకం ఆలస్యమైందని మందలింపు. 2022 జూలైలో పాతిక లక్షలు దాటిన వారం గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

రొయ్యల చెరువు | కాళ్ల మండలం

మీరంతా టీచర్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. తండ్రిగా నా మాట రాస్తాను. మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. రెండో తరగతి, ప్రభుత్వ బడి. బుర్ర చురుకు, కాళ్లూ కుడి చెయ్యీ సహకరించవు. టీచరమ్మ చాలా మంచి మనిషి, కానీ ఆవిడ ఒక్కరే రెండు తరగతులు చూస్తున్నారు. అందుకని మా అమ్మ రోజూ బడికి వెళ్లి వరండాలో కూర్చుంటుంది. వాణ్ణి బాత్రూముకు తీసుకెళ్లడానికి, మధ్యాహ్నం అన్నం తినిపించడానికి. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు.

అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో చేర్చాం. ఒక అమ్మాయిని సహాయానికి పెట్టారు, దానికి అదనపు ఫీజు కూడా తీసుకున్నారు. ఆ అమ్మాయి చాలా ప్రేమగా చూసేది. ఏడాది చివర చూస్తే నోటు పుస్తకం నిండా అందమైన అక్షరాలు. అన్నీ ఆ అమ్మాయి రాసినవే! వాడు ఒక్క గీత గీయలేదు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను, ఎవరైనా చెప్పి ఉంటే కదా.

భవిత టీచర్ | కోనసీమ

రొయ్యల చెరువు గారూ, మీరు రాసిన చివరి మాటే ఈ చర్చకు ప్రాణం. నేను భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేస్తున్నాను. ముందు మీ అబ్బాయి విషయం: మీ మండలంలో భవిత కేంద్రానికి ఒకసారి తీసుకెళ్లండి. ఫిజియోథెరపీ శిబిరం రోజులు అడగండి. ప్రభుత్వ బడిలో వాడి పేరు ప్రత్యేక అవసరాల పిల్లల జాబితాలో ఎక్కిందో లేదో హెచ్‌ఎం గారిని అడిగి చూసుకోండి. పేరు ఎక్కకపోతే ఉపకరణాలు, భత్యాలు ఏవీ కదలవు.

ఇప్పుడు శిక్షణ గురించి. సహాయకులకు నేను మొట్టమొదట నేర్పేది చెయ్యి వెనక్కి తీసుకోవడం. పిల్లవాడు పలక పట్టుకోవడానికి తడబడుతుంటే మన చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది. ఆగాలి. ముందు మాటతో చెప్పాలి. చేయకపోతే వేలితో చూపించాలి. అప్పటికీ కాకపోతే మోచేతి దగ్గర కొంచెం ఊతం ఇవ్వాలి. చెయ్యి పట్టి దిద్దించడం ఆఖరున. రోజులు గడిచేకొద్దీ ఊతం తగ్గుతూ రావాలి. తగ్గకపోతే మనం నేర్పుతున్నది ఆధారపడటమే.

తినిపించేటప్పుడు తల వెనక్కి వాల్చి నోట్లో పోయకూడదు, వీపు నిటారుగా, గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లవాడికి పొద్దున్నే బ్యాటరీ పనిచేస్తోందా చూడాలి, అతని ముఖం వైపు తిరిగి మాట్లాడాలి. ఆటిజం ఉన్న పిల్లకు ఆ రోజు ఏం జరగబోతోందో బొమ్మలతో గోడ మీద వరసగా పెడితే సగం ఏడుపులు ఉండవు. ఇవేవీ పెద్ద చదువులు కావు. ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి, అంతే.

మూర్ఛ గురించి కూడా ప్రతి సహాయకురాలికీ తెలియాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, చుట్టూ ఉన్న బల్లలు జరపాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108.

రావులపాలెం రోడ్డు

చేతిలో తాళాలగుత్తి పెడితే తగ్గుతుంది కదా మేడమ్. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం, వెంటనే తగ్గుతుంది.

భవిత టీచర్

చాలా ఫిట్లు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయండి. మీరు తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది, ఖ్యాతి తాళాలకు దక్కుతుంది. ఇనుప వస్తువు వల్ల దెబ్బ తగిలే ప్రమాదమే తప్ప లాభం లేదు. ఉల్లిపాయ వాసన చూపించడం కూడా అంతే, ముందే చెబుతున్నాను.

లంకవనితా, మీకు ఇంకో దారి కూడా ఉంది. ప్రత్యేక విద్యలో డి.ఎడ్ రెండేళ్ల కోర్సు, ఇంటర్ తర్వాతే. దాన్ని గుర్తించేది భారత పునరావాస మండలి, ఆర్‌సీఐ. పూర్తయ్యాక వాళ్ల కేంద్ర రిజిస్టరులో పేరు నమోదై నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా ఈ రంగంలో ఏ కాగితమూ చెల్లదు. రాష్ట్ర టెట్‌లో ప్రత్యేక విద్యకు విడిగా పేపరు 1బి ఉంది. 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. ఇప్పుడున్న మనుషులు దానికి ఏ మూలకూ సరిపోరు. పోస్టులు వచ్చే వైపు ఇదే అని నా నమ్మకం.

పాఠ్యప్రణాళిక | రాజమహేంద్రవరం

నేను ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్నాను. భవిత టీచరుగారు 'చెయ్యి వెనక్కి' అన్నదానికి ఒక పెద్ద ఆధారం ఉంది. బ్రిటన్‌లో 2003 నుంచి 2008 వరకు తరగతి సహాయకుల మీద విస్తారమైన అధ్యయనం జరిగింది. అందరూ ఊహించిన దానికి భిన్నంగా, సహాయకుల దగ్గర ఎక్కువ సమయం గడిపిన పిల్లలే, తమలాంటి ఇతర పిల్లలకన్నా తక్కువ ముందుకు వెళ్లారు. తప్పు సహాయకులది కాదని ఆ పరిశోధకులే చెప్పారు. వెనుకబడిన పిల్లల్ని పూర్తిగా సహాయకులకు వదిలేసి, టీచరు మిగతావారికి పాఠం చెప్పుకుపోవడం ఒక కారణం. పాఠానికి ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే సమయం లేకపోవడం మరొకటి. పని పూర్తయిందా లేదా అన్నదే సహాయకులు చూడటం, పిల్లవాడికి అర్థమైందా అని చూడకపోవడం ఇంకొకటి.

మన బడుల్లో ఇది నిత్యం చూస్తాను. 'వీడికి గుణింతాలు రావు, నువ్వు చూసుకో' అని ఒక మూలకు పంపుతారు. తరగతిలో అందరికన్నా కష్టమైన పని, అందరికన్నా తక్కువ శిక్షణ ఉన్న మనిషికి! తిరగేసి చేయండి. మిగతా పిల్లలు రాసుకుంటున్నప్పుడు వాళ్లను సహాయకురాలు చూడాలి, టీచరు ఆ ముగ్గురు నలుగురి దగ్గర కూర్చోవాలి. పైసా ఖర్చు లేదు. పొద్దున ప్రార్థనకు ముందు పది నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకుంటే చాలు.

బడి నడిపేవాడు

ఆ పది నిమిషాలు బస్సులు దించడానికే సరిపోవడం లేదు సార్.

పాఠ్యప్రణాళిక

బస్సు దించే పనికి సహాయకురాలినే ఎందుకు పెడుతున్నారు?

బడి నడిపేవాడు

ఇంకో మనిషిని పెట్టలేక. సరే, మా దగ్గర మార్చి చూస్తాను. శనివారం మధ్యాహ్నం అరపూట అయినా ఇవ్వగలను.

వశిష్ఠ తీరం | పాలకొల్లు, ప్రస్తుతం టెక్సస్

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇదే పని చేస్తున్నాను. ఇక్కడ పారాప్రొఫెషనల్ అంటారు. నాతో పాటు తెలుగు ఆడవాళ్లు చాలామందే ఉన్నారు, ఎక్కువగా హెచ్4 వీసా మీద వచ్చి పని అనుమతి తెచ్చుకున్నవాళ్లు. పేద పిల్లల కోసం కేంద్ర నిధులు వచ్చే బడుల్లో, పాఠానికి సాయపడే వాళ్లకు 2002 నుంచి ఒక నిబంధన ఉంది: రెండేళ్ల కాలేజీ చదువు ఉండాలి, లేదా ఒక పరీక్ష పాసవ్వాలి. ఎక్కువ చోట్ల రాసే పారాప్రో పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు కలిపి 90 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మా రాష్ట్రంలో సహాయకుల ధ్రువపత్రానికే మూడు స్థాయిలు ఉన్నాయి.

ఇక్కడ అంతా బాగుందని అనుకోకండి. వేసవిలో పని ఉండదు, జీతం టీచర్ల జీతానికి దరిదాపుల్లో కూడా ఉండదు, మానేసేవాళ్లు ఎక్కువ. అయినా ఒక తేడా చూశాను. నా ఉద్యోగ వివరణ రెండు పేజీల కాగితం మీద ఉంది. ఏది నా పని, ఏది కాదు, నన్ను ఎవరు పర్యవేక్షిస్తారు అన్నీ. లంకవనితగారి దగ్గర అలాంటి కాగితం ఉందా?

లంకవనిత

లేదు అక్కా. చేరేటప్పుడు నోటిమాటే.

సఖినేటిపల్లి రేవు

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నేను కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చాను. అక్కడ చూసుకున్నది ఎక్కువగా పిల్లల్నే, ఒక ఇంట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప పుట్టినప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగింది. ఆ పాపకు నేర్పడానికి వచ్చే ఆవిడను చూసి చాలా నేర్చుకున్నాను. చదువు ఎనిమిదో తరగతి. నరసాపురంలో ఒక బడికి వెళ్లి అడిగితే, స్వీపరు పని ఉందన్నారు. నా అనుభవం ఎక్కడా లెక్కకు రాదా?

విశ్రాంత హెచ్‌ఎం

వస్తుందమ్మా, కానీ పదో తరగతి లేకుండా రాదు. ఏపీ ఓపెన్ స్కూలు సొసైటీలో నేరుగా పదో తరగతికి చేరండి. ఆదివారాలు, సెలవు రోజుల్లో తరగతులు ఉంటాయి. మీ దగ్గరి ఉన్నత పాఠశాలలో స్టడీ సెంటరు ఉందా అడగండి. ఆ తర్వాత అక్కడే ఇంటర్.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని తెలిసినవాళ్లను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అది ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి పనికిరాదు, పిల్లల సంరక్షణ పనులకు పనికొస్తుంది. ఏది ఏ తలుపు తెరుస్తుందో తెలుసుకుని తీసుకుంటే నష్టం లేదు.

భవిత టీచర్

సఖినేటిపల్లి రేవుగారూ, ఆర్‌సీఐ వాళ్లు 2021లో సీబీఐడీ అని ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారు, గ్రామాల్లో దివ్యాంగుల కుటుంబాలకు తోడుగా పనిచేసేవాళ్ల కోసం. దానికీ పదో తరగతి కావాలి. అది పాసైన రోజు నాకు ఇక్కడ సందేశం పెట్టండి. పుట్టినప్పటి నుంచి డౌన్ సిండ్రోమ్ పాపను పెంచిన మనిషికి స్వీపరు పని చూపించినవాళ్ల మీద నాకు కోపంగా ఉంది.

రొయ్యల చెరువు

మాకు దగ్గరలో ఉంటే నేనే అడిగేవాణ్ణి అక్కా. మా అమ్మ మోకాళ్లు అంత బాధగా ఉన్నాయి.

సఖినేటిపల్లి రేవు

పంటు మీద గోదావరి దాటితే నరసాపురం, అక్కడి నుంచి బస్సే కదా బాబూ. పంటు సంగతే చెప్పలేం. వంతెన వస్తుంది, వస్తుంది అని మా నాన్న కాలం నుంచి వింటున్నాం.

నిర్వాహకుడు

వంతెన చర్చకు వేరే విభాగం ఉంది, అక్కడ వందల సందేశాలున్నాయి. ఇక్కడ శిక్షణకే పరిమితం అవుదాం. మీ ఇద్దరూ వ్యక్తిగత సందేశాల్లో మాట్లాడుకోండి, ఫోను నంబర్లు బహిరంగంగా పెట్టవద్దు.

లంకవనిత

ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. ఆ సంస్థకు ఫోను చేసి ఎన్‌సీటీఈ గుర్తింపు అడిగాను. 'మాది అంతర్జాతీయ సర్టిఫికెట్టు, మాకు అది అవసరం లేదు' అన్నారు. ప్రభుత్వ ఉద్యోగం సంగతేమిటని అడిగితే, 'త్వరలో జీవో వస్తుంది' అన్నారు. మా ఆయన పక్కనే ఉండి విన్నారు, ఆ విషయం అక్కడితో అయిపోయింది.

రెండేళ్లు జీతం మానుకుని కాలేజీకి వెళ్లడం ఇప్పుడు కుదరదు. మా చిన్నది ఒకటో తరగతికి వచ్చాక చూడాలి. ఇగ్నోలో శిశు విద్య డిప్లొమా ఉందని ఎవరో చెప్పారు, పనిచేస్తూ చేయవచ్చట. దానికి విలువ ఉందా?

పాఠ్యప్రణాళిక

ఇగ్నోలో ఆ డిప్లొమా పేరు డీఈసీఈ. ఇంటర్ అర్హత, కనీసం ఏడాది. నేర్చుకోవడానికి మంచి కోర్సు, పిల్లల్ని గమనించి రాసే ప్రాజెక్టు పని ఉంటుంది, మీకు చేతిలో తరగతి ఉంది కాబట్టి సులువు. ప్రైవేటు బడుల్లో గౌరవం ఉంటుంది. డీఎస్సీకి మాత్రం అది డి.ఎల్‌.ఎడ్‌కు సమానం కాదు. పాఠాలు ఏ భాషలో ఇస్తారో చేరేముందు చూసుకోండి.

దూరవిద్యలో డి.ఎల్‌.ఎడ్ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే నమ్మకండి. అప్పటికే బడుల్లో పనిచేస్తున్న టీచర్ల కోసం 2017లో జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ ఎన్‌ఐఓఎస్ ద్వారా ఒకసారి అవకాశం ఇచ్చారు. ఆ గడువు 2019 మార్చి 31తో ముగిసింది. ఆ పేరు చెప్పి ఇప్పటికీ డబ్బు వసూలు చేసేవాళ్లు ఉన్నారు.

అంగన్‌వాడీ అక్క

నేను మాత్రం ముందు సీడీపీవో ఆఫీసు అంటాను. 35 దాటితే మళ్లీ రాదు. డిప్లొమా ఎప్పుడైనా చేయవచ్చు.

విశ్రాంత హెచ్‌ఎం

అక్కగారి లెక్కే సరైనది. నేను ముందు డీఎస్సీ అన్నాను, ఆవిడ పరిస్థితి పూర్తిగా విన్నాక వరస మార్చుతున్నాను. అంగన్‌వాడీ దరఖాస్తు ఇప్పుడు, ఇగ్నో ఈ ఏడాదో వచ్చే ఏడాదో, డీఈఈసెట్ పాప బడికి వచ్చాక.

బడి నడిపేవాడు

లంకవనితగారూ, మీరు ఎక్కడికి వెళ్లినా ఇప్పటి బడి నుంచి అనుభవ పత్రం తీసుకోండి. ఎలా ఉండాలో నేను చెబుతాను, నా సహాయకులకు ఈ మధ్యే ఇలా ఇచ్చాను. బడి గుర్తింపు నంబరు, చేరిన తేదీ, తరగతి, ఎంతమంది పిల్లలు, మీరు చేసిన పనులు విడివిడిగా. 'మా వద్ద పనిచేసినది, నడవడిక బాగున్నది' అని రెండు ముక్కలు రాసి ఇస్తే దాని వల్ల ఏమీ రాదు. 'అక్షర పరిచయం సొంతంగా చేయించింది, టీచరు లేనప్పుడు తరగతి నడిపింది' అని ఉండాలి.

జీతం చేతికి ఇస్తుంటే బ్యాంకులో వేయమని అడగండి. మీ బడిలో ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉంటే పీఎఫ్ కట్టాలి. పీఎఫ్ ఖాతా ఉంటే ఎన్నాళ్లు పనిచేశారో ఎవరూ కాదనలేరు. ఇది రాస్తే నా తోటి కరస్పాండెంట్లు నన్ను తిడతారు, తిట్టనివ్వండి.

అంగన్‌వాడీ అక్క

ఇప్పుడు మీరు నాకు నచ్చారు.

భవిత టీచర్

మా కేంద్రంలో తల్లులకు, సహాయకులకు కలిపి రెండో శనివారం ఒక పూట కూర్చుంటున్నాం. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఊతం తగ్గించడం, మూర్ఛ వచ్చినప్పుడు ఏం చేయాలి, బొమ్మల పట్టిక తయారీ, ఈ మూడూ ఈసారి చేస్తాం. ఎవరైనా పిల్లవాడి ఒంటి మీద అనుమానంగా దెబ్బలు కనిపిస్తే, లేదా పిల్లవాడు ఏదైనా చెప్పరానిది చెబితే ఏం చేయాలో కూడా మాట్లాడుకుందాం. పిల్లల్ని కడిగేది, బట్టలు మార్చేది మీరే కాబట్టి ముందుగా తెలిసేది మీకే. లైంగిక వేధింపు అనుమానం వస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పడం బాధ్యత, మౌనంగా ఉండటం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. 'మన బడి పరువు' అని ఎవరు ఆపినా ఆగకూడదు.

లంకవనిత

తప్పకుండా వస్తాను మేడమ్. మా బడిలో ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను. సీడీపీవో ఆఫీసుకు సోమవారం వెళ్తున్నాను. ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలి అక్కా?

అంగన్‌వాడీ అక్క

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, రేషను కార్డు, కుల ధ్రువపత్రం, ఆ ఊళ్లోనే ఉంటున్నావని నివాస పత్రం, పెళ్లి రుజువు. అన్నీ రెండేసి నకళ్లు, గెజిటెడ్ అధికారి సంతకంతో. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే అక్కడే ఆపేస్తారు. నీది ఎలా ఉందో ఈ రాత్రే చూసుకో. తేడా ఉంటే సోమవారం ముందు మీ ఊరి సచివాలయానికి వెళ్లు, ఆ తర్వాతే సీడీపీవో ఆఫీసు.